పిలిచినవాని పూచీ

పక్షికి గింజ వేయుట పుణ్యమని ఎరుగని ఇల్లు వర్తకుల వీధిలో ఉండదు. దుకాణము తలుపు తీయకముందే గుప్పెడు జొన్నలో సజ్జలో వాకిట చల్లు అలవాటు అనేక కుటుంబములలో తరతరములుగా వచ్చుచున్నది. అయితే పక్షికి పెట్టుట ఒకటి, పక్షిని పిలుచుట మరియొకటి. ఆకలిగొని వచ్చినదానికి పెట్టువాడు దాత. రానిదానిని రప్పించుకొనువానిని ఏమనవలెను? అక్కడ మొదలు అతని కోరిక, తరువాతనే పక్షి ఆకలి. ఆ కోరిక దోషమా? దోషమైనచో దానిని కడిగివేయు ఉపాయమేమైనను కలదా? ఈ ప్రశ్నను ఆలోచించుటకు అమెరికా దేశపు పెరటితోటలలో ఏటేట వేసవి చివర జరుగు ఒక చిన్న వ్యవహారము మంచి ఉదాహరణము.

హమ్మింగ్‌బర్డు అను పక్షి ఉత్తర, దక్షిణ అమెరికా ఖండములలో తప్ప మరెచ్చటను సహజముగా నివసింపదు. వీటిలో సుమారు 360 జాతులు కలవు. భారతదేశమున మందారపూవు చెంత చేరి వంకరముక్కుతో తేనె పీల్చు తేనెపిట్టను చూచి కొందరు ఇదియే హమ్మింగ్‌బర్డని పొరబడుదురు. వాటి వంశములు వేరు. తేనెపిట్ట సాధారణముగా కొమ్మను పట్టుకొని త్రాగును. హమ్మింగ్‌బర్డు గాలిలో నిలిచి త్రాగును, వెనుకకు గూడ ఎగురగలదు. అమెరికా తూర్పు రాష్ట్రములలో గూడు కట్టు జాతి రూబీ-థ్రోటెడ్ హమ్మింగ్‌బర్డు. మగపక్షి కంఠము కెంపువలె మెరయుటచే దానికి ఆ పేరు వచ్చినది. దాని బరువు సుమారు 3 గ్రాములు, అనగా బంగారపు తూకములో పావు తులము. సెకనుకు సుమారు 50 సారులు రెక్కలాడించుటచే పుట్టు సన్నని ఝుంకారమే దాని జాతి పేరునకు మూలము.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా మొదలగు రాష్ట్రములలో తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. అట్టి ఇండ్ల పెరడులలో బీర, సొర పాదుల ప్రక్కనే ఈ పక్షి కొరకు నాటిన ఎర్రపూల మొక్కలును, వ్రేలాడగట్టిన పంచదార నీటి సీసాయును కానవచ్చుట నేడు వింత కాదు.

ఆగస్టు, సెప్టెంబరు నెలలు తెలుగునాట వర్షకాలము. అక్కడ అవి వేసవి చివరి దినములు. జైన గృహములలో పర్యూషణము, దశలక్షణ పర్వము జరుగు ఆ వారములలోనే ఈ పక్షి తన సంవత్సరములోని గడ్డు ప్రయాణమునకు సిద్ధపడును. మగపక్షులు ఆగస్టు నెలలోనే దక్షిణపు దారి పట్టును. ఆడపక్షులును, ఆ ఏటి పిల్లలును వెనుక పోవును. చలికాలము గడపుటకు అవి మెక్సికోకును, మధ్య అమెరికాకును పోవలెను. దారిలో మెక్సికో సింధుశాఖ ఉన్నది. వీటిలో అనేకము ఆ సముద్రమును సుమారు 800 కిలోమీటర్లు ఆగకుండ ఎగిరి దాటును. నడుమ వ్రాలుటకు కొమ్మ లేదు, త్రాగుటకు పూవు లేదు. అందుచేత బయలుదేరుటకు ముందు అది రేయింబవళ్ళ ఖర్చు పోను మిగులునంతగా తిని, క్రొవ్వు కూడబెట్టి, పావు తులము శరీరమును దాదాపు అర తులము చేసికొనును. ఆ క్రొవ్వే దాని దారిబత్తెము. పిల్లలకు దారి చూప తల్లి వెంట రాదు. ఆ ఏడు పుట్టిన పిల్ల తానెన్నడు చూడని దారిని ఒంటరిగానే పోవును.

తోట యజమాని స్థితి దీనికి సరిగా విరుద్ధము. వసంతమున మొదటి పక్షి కనబడినప్పుడు ఇల్లంతయు సంబరపడినది. ఫోటోలు తీసినారు, బంధువులకు పంపినారు. ఆగస్టు వచ్చుసరికి ఆ క్రొత్తదనము తీరిపోవును. ఎండ దంచును, కలుపు పెరుగును, ఆకులు పసుపెక్కును. పిల్లల బడులు తెరచు హడావిడి ఒకవైపు, సెలవులకు పొరుగూరు పోవు తొందర మరియొకవైపు. సీసా కడుగుట విసుగగును. అతిథికి అవసరము పెరుగు వారములలోనే ఆతిథేయికి శ్రద్ధ తరుగుచున్నది. ధర్మసందేహమంతయు ఈ రెండింటి నడుమనే ఉన్నది.

దూరపు అందమును దగ్గరకు తెచ్చుకొనవలెనను కోరిక ఎంతవరకు పోగలదో ఈ పక్షి చరిత్రయే చెప్పును. పందొమ్మిదవ శతాబ్దమున ఐరోపా, అమెరికా స్త్రీల టోపీలపై పక్షుల ఈకలను, కొన్ని వేళల ఎండబెట్టిన పక్షిదేహములనే అలంకారముగా కుట్టెడివారు. లండను నగరమున హమ్మింగ్‌బర్డు చర్మములు వేలకొలదిగా వేలములో అమ్ముడుపోయెడివి. కొన్నవారు క్రూరులు కారు, అందమును ప్రేమించినవారే. అమ్మినవారును తమ చేతితో చంపినవారు కారు; సరకు వచ్చినది, గిరాకి ఉన్నది, లెక్క సరిపోయినది. ప్రాణము పోయినది మాత్రము సముద్రమున కావల, దక్షిణ అమెరికా అడవులలో. ఆ వర్తకమునకు అడ్డుపడుట కొనువారితోనే మొదలైనది. 1896లో బోస్టను నగరమున హ్యారియెట్ హెమెన్‌వే, మినా హాల్ అను స్త్రీలు ఈకల టోపీలు మానవలసినదని తోడి స్త్రీలను కోరి మసాచుసెట్స్ ఆడుబన్ సంఘము స్థాపించిరి. 1918లో అమెరికా ప్రభుత్వము వలసపక్షుల రక్షణకు చట్టము చేసినది. నేడు ఆ దేశమున అనుమతి లేనిదే హమ్మింగ్‌బర్డును పట్టుట, పెంచుట, చంపుట నేరము.

పట్టుకొనరాదు కావున పిలువవలసివచ్చినది. పిలుపు పంజరముకంటె ఎంతో మేలు. పక్షి తన ఇచ్ఛ వచ్చినప్పుడు రావచ్చును, పోవచ్చును. అయినను మూలమందలి కోరిక పాతదే: ఆ అందము నా కంటియెదుట ఉండవలెను. చట్టము చేతిని అడ్డగలదు గాని మనస్సులోని 'నా' అను మాటను తుడిచివేయజాలదు. ఆ పని గృహస్థు తనంతట చేసికొనవలసినదే. అతడు దానిని చేసికొనెనా లేదా అనుటకు గుర్తులు తోటలోనే కనబడును.

మొదటి గుర్తు సీసా. దాని పాకము మిక్కిలి సులభము: ఒక గిన్నె తెల్ల పంచదారకు నాలుగు గిన్నెల నీరు. ఎర్రరంగు కలుపరాదు, సీసా పైభాగము ఎర్రగా ఉన్న చాలును. బెల్లము, ముడి పంచదార పనికిరావు. తేనె అసలే కూడదు. జైన గృహములలో తేనె వర్జ్యమగుటకు తేనెటీగల హింస కారణము. ఇక్కడ కారణము వేరు: నీరు కలిపిన తేనె త్వరగా పులిసి, బూజు పెంచి, పక్షికి కీడు చేయును. పంచదార నీరు గూడ ఎండ దినములలో నిలువదు. రెండు మూడు దినముల కొకసారి, ఎండ మిక్కుటమైనచో ప్రతిదినము, పాతనీరు పారబోసి సీసాను వేడినీటితో తోమి క్రొత్తనీరు పోయవలెను. అట్లు చేయనిచో నీరు మసకబారును, సీసా మూతిచుట్టు నల్లని బూజు కట్టును. పక్షి మాత్రము పాత నమ్మకముతో దానికడకే వచ్చును.

తెలుగులో ప్రమాదమనగా అపాయమని వాడుక. శాస్త్రములో ప్రమాదమనగా ఏమరుపాటు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రమున హింసకు లక్షణము చెప్పునప్పుడు ప్రాణము పోవుటను మాత్రమే లెక్కింపక, ఏమరుపాటుతో కూడిన ప్రవర్తనను మూలముగా నిలిపినాడు. ఆ రెండు అర్థములు పుల్లబడిన పంచదార నీటి సీసాలో ఒకటియైపోవును. పిలువనివాని ఏమరుపాటు వలన ఈ పక్షికి నష్టము లేదు. అది వేరొక పూవును వెదకుకొనును. పిలిచినవాని ఏమరుపాటు దానికి విషము కాగలదు. పిలుపుతోనే పూచీ పుట్టుచున్నది.

రెండవ గుర్తు మొక్కలు. కార్డినల్ ఫ్లవర్ అను మొక్క తడినేలలో పెరిగి వేసవి చివర నిప్పుకణికలవంటి ఎర్రపూలు పూయును. జ్యూయెల్‌వీడ్ అను మొక్క నారింజరంగు పూలతో ఆ దినములలోనే నీడపట్టున గుబురుగా ఉండును. దాని పండినకాయ ముట్టినంతనే చిట్లి గింజలు చిమ్మును. ట్రంపెట్ హనీసకిల్ తీగయు ఆ దేశపుదే. సాల్వియా మొక్కల వాడిన కంకులు త్రుంచి నీరు పోసినచో అవి చలి వచ్చువరకు పూయును. సీసాకు పూవునకు పెద్ద భేదమున్నది. సీసా చూచువాని సౌకర్యము కొరకు కిటికీ ఎదుట వ్రేలాడును. పూవు తనకు అనువైన చోట పూయును. పక్షికి, తుమ్మెదకు, సీతాకోకచిలుకకు ఏకకాలమున పెట్టును. పక్షియు ఊరక త్రాగిపోదు. నుదుటిపై పుప్పొడి మోసికొనిపోయి మరియొక పూవునకు అందించును. కార్డినల్ ఫ్లవర్ గింజ కట్టుటకు ముఖ్యముగా ఈ పక్షియే ఆధారము. ఇచ్చువారును పుచ్చుకొనువారును ఇరువురు బ్రదుకు బేరమది. కంటికి విందు కోరువాడు సీసాతో తృప్తిపడును. పక్షి మేలు కోరువాడు పాదు త్రవ్వును, ఆగస్టు ఎండలో నీరు మోయును.

ఇచ్చట అహింసాప్రియులకు ఒక చిక్కు ఎదురగును. హమ్మింగ్‌బర్డు తేనెతో మాత్రమే బ్రదుకదు. చిన్న పురుగులను, సాలీళ్ళను తినును. పిల్లలకు ముఖ్యముగా వాటినే పెట్టును. అది గూడు అల్లునది గూడ సాలెపట్టు దారముతోనే. అట్టి పక్షిని పిలుచుట ఆ పురుగుల చావును పిలుచుటయేనా? హింస తాను చేయుట, ఇతరులచే చేయించుట, చేసినవానిని మెచ్చుకొనుట అని మూడు విధములని శాస్త్రము చెప్పుచున్నది. పక్షి తన జాతిధర్మమున తినునదానిని గృహస్థు చేయలేదు, చేయింపలేదు. ఢిల్లీలోని దిగంబర జైన లాల్ మందిరపు పక్షుల వైద్యశాలలో మాంసాహార పక్షులను శాకాహార పక్షులతోపాటు లోపల ఉంచుకొనరు. అయినను చికిత్స చేయకుండ త్రిప్పిపంపరు. ఆ వైఖరిలో వివేకమున్నది. అతిథి స్వభావమును మార్చుట ఆతిథేయి పని కాదు. అతని చేతిలో ఉన్నది వేరు: పురుగులమందు. ఆకుపై చిల్లు కనబడినంతనే మందు చల్లువాడు తెలిసి, కొని, తన చేతితోనే వేయి ప్రాణములు తీయుచున్నాడు. పైగా ఆ మందు పక్షిపిల్లల ఆహారమును గూడ హరించును. నర్సరీలో కొన్న మొక్కకే కొన్ని వేళల మందు పట్టియుండును, అడిగి కొనవలెను. నాలుగు ఆకులు పురుగులకు విడుచుట ఈ తోటలో మొదటి త్యాగము.

సీసాకడ మరియొక దృశ్యము కానవచ్చును. ఒక మగపక్షి ప్రక్కకొమ్మపై కూర్చుండి, తాను త్రాగలేనంత నీరు సీసాలో ఉన్నను, మరియొక పక్షిని దరికి రానీయక తరుముచుండును. దానికి పరిగ్రహదోషము అంటగట్టుట తగదు. పూవులలో తేనె బొట్టుబొట్టుగా ఊరును. అడవిలో తన పూలగుబురును కాచుకొనుట దాని బ్రదుకుతెరువు. తరుగని నిధిని ఒక్కచోట కుప్పపోసినవాడు మనుష్యుడు. కుప్ప ఉన్నచోట కాపలా పుట్టినది, కాపలా ఉన్నచోట కలహము పుట్టినది. ఒకదానికొకటి కనబడకుండ రెండు మూడు చిన్న సీసాలు వేరువేరు మూలల కట్టినచో, ఒక్క పక్షి అన్నింటిని కాయజాలదు, బక్కపక్షికి గూడ గుటక దొరకును. నిల్వ ఒక్కచోట పెరిగినప్పుడు లోకమున ఏమి జరుగునో వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

పిలిచినచోట ప్రాణభయము లేకుండ చూచుట గూడ పూచీలోనిదే. అమెరికాలో స్వేచ్ఛగా తిరుగు పిల్లులు ఏటేట 130 కోట్ల నుండి 400 కోట్ల పక్షులను చంపుచున్నవని 2013లో ప్రకటితమైన ఒక పరిశోధన అంచనా వేసినది. ఇండ్ల, మేడల అద్దములకు కొట్టుకొని చచ్చు పక్షులు ఏటికి సుమారు 36.5 కోట్ల నుండి 98.8 కోట్లని 2014 నాటి అంచనా. పిల్లిని ఇంటిలో ఉంచుట, అద్దముపై దగ్గరదగ్గరగా గుర్తులు అంటించుట, సీసాను కిటికీకి మూడడుగుల లోపుననో లేక చాల దూరముననో కట్టుట, ఇవి కొద్దిపాటి పనులు. వీటిని చేయలేనివాడు పిలువకుండుటయే మేలు.

"ఇంత చిక్కు ఎందుకు? అసలు పిలువనే వద్దు" అని కొందరనవచ్చును. ఆ మాటలో బలమున్నది. సీసాలు లేని కాలమున గూడ ఈ పక్షి బ్రదికినది. మానవుని ఆతిథ్యము ప్రాణుల నడవడినే మార్చగలదు గూడ. ఇరవయ్యవ శతాబ్దపు మొదట దక్షిణ కాలిఫోర్నియా, దాని ప్రక్కనున్న మెక్సికో భాగములకు పరిమితమైయుండిన ఆనాస్ హమ్మింగ్‌బర్డు నేడు కెనడా పడమటి తీరమువరకు వ్యాపించి చలికాలము గూడ అచ్చటనే గడపుచున్నది. పట్టణముల పెరుగుదలకు, పెరటి సీసాలకు దీనితో సంబంధమున్నదని 2017లో ప్రచురితమైన పరిశోధన చూపినది. భారతదేశమున గూడ ఈ ప్రశ్న క్రొత్త కాదు. ముంబైలో పావురములకు గింజలు వేయు విషయము 2025లో ఉన్నత న్యాయస్థానమువరకు పోయినది. పెట్టుచేయి ఎంత మంచిదైనను, పెట్టినదాని ఫలితము ఎవరిపై పడునో చూడకుండుట తగదని అందరును ఒప్పుకొనవలసినదే.

అయినను పిలువకుండుటయే నిర్దోషమనుట తొందరపాటు. ఇల్లు కట్టినచోట మునుపు పొదలుండెడివి, చిత్తడినేల ఉండెడిది, తీగలు పూచెడివి. వాటిని తీసివేసి నున్నని పచ్చిక పరచినప్పుడే పక్షి పళ్ళెము తీసివేయబడినది. ఉత్తర అమెరికాలో 1970 నుండి పక్షుల సంఖ్య సుమారు 290 కోట్లు తగ్గినదని 2019లో శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. నివాసములు నశించుట దానికి ముఖ్యకారణములలో ఒకటి. ఈ వెలుగులో చూచినచో పెరటిలో నాటిన కార్డినల్ ఫ్లవర్ దానము గూడ కాదు. పాతబాకీలో ఒక చిన్న చెల్లు. బాకీ తీర్చువాడు తనను దాతయని తలంచుకొనరాదు. తీర్చునప్పుడు కంటికి కొంత సంతోషము కలిగినచో ఆ సంతోషము దోషము కాదు. దాని ఖర్చును పక్షి తలపై వేసినప్పుడే అది దోషమగును.

కడపటి పరీక్ష వీడ్కోలు. సీసా ఉంచినచో పక్షి వలస మాని నిలిచిపోవునని కొందరు సెప్టెంబరు రాగానే దానిని తీసివేయుదురు. ఇది అపోహ. పగటిపొద్దు తగ్గుటయే ఆ పక్షికి ప్రయాణపు పిలుపు; పంచదార నీరు దానిని ఆపజాలదు. చివరి పక్షి కనబడిన తరువాత గూడ రెండు వారములు సీసాను శుభ్రముగా ఉంచుడని తెలిసినవారు చెప్పుదురు. ఉత్తరమునుండి ఆలస్యముగా వచ్చు బాటసారులకు అది అక్కరకు వచ్చును. ఆ బాటసారి ఆ ఇంటిలో ఎవరికిని పరిచితము కాదు. తెల్లవారుజామున వచ్చి, ఎవరును చూడకముందే త్రాగి పోవచ్చును. ఫోటో దొరకదు, బంధువులకు చెప్పుటకు మాట దొరకదు. అట్టి పక్షి కొరకు అక్టోబరు చలిలో సీసా తోముచున్నప్పుడు గృహస్థు కోరికలోని 'నా' చాలవరకు కరిగిపోయియుండును. పెట్టిన ప్రతి గుటకయు ఆ పక్షి తన కంటికి దూరము పోవుటకే ఉపయోగపడునని తెలిసి పెట్టుట ఆకించన్యమునకు గృహస్థు చేయగల అభ్యాసము.

కాలికి గుర్తుపట్టీ వేసి విడిచిన హమ్మింగ్‌బర్డులు మరుసటి సంవత్సరము అదే తోటకు తిరిగి వచ్చుట శాస్త్రజ్ఞులు గమనించిరి. సముద్రము దాటిపోయి, సముద్రము దాటివచ్చి, పావు తులము ప్రాణి ఆ పిలుపును గుర్తుంచుకొనుచున్నది. పిలిచినవాడు దానిని మరచుట న్యాయము కాదు.

పెరడు న్యూజెర్సీలో ఉన్నను, గింజలు చల్లు డాబా హుబ్బళ్ళిలోనో బరంపురములోనో యానాములోనో ఉన్నను, ధర్మము ఒక్కటే. నీటి మూకుడు పెట్టినవారు నాచు పట్టకుండ దానిని తోమవలెను. గింజలు చల్లినవారు బూజుపట్టిన గింజలను ఊడ్చివేయవలెను. ఊరికి పోవునప్పుడు ఆ పనిని పొరుగువారికి అప్పగించి పోవలెను. ఉత్సాహమున్న దినముల పుణ్యమును అందరును లెక్క వ్రాసికొందురు. ఉత్సాహము తీరిన దినములలో గూడ సీసా శుభ్రముగా ఉన్న ఇంటికి పక్షిని పిలుచు అర్హత కలదు.